మంచుబండి హ్యాండిలు పట్టుకున్న మనిషి

మా మెకానిక్ అన్న పోయాడన్న కబురు ఆయన నంబరు నుంచే వచ్చింది.

పొద్దున పదకొండు గంటలప్పుడు ఒమన్‌లో బౌషర్ ఇసుక దిబ్బల దగ్గర మా షెడ్డు ముందు బళ్లు వరసగా నిలబెడుతున్నాను. ఫోను మోగింది. తెర మీద ఆయన ఫొటో, నూనె మరకల నీలం చొక్కాలో, నవ్వీ నవ్వనట్టు. రెండేళ్లు దాటింది ఆ నంబరు నాకు ఫోన్ చేసి. నేను చేసిందీ లేదు. ఎత్తాలా వద్దా అని తేల్చుకునేలోపే ఆగిపోయింది. వెనకే ఒక వాయిస్ మెసేజి వచ్చింది. ఆడమనిషి గొంతు.

"తమ్మీ, మీ అన్న నిన్న పొద్దుగూకంగ పోయిండు. నీ నంబరు దీంట్ల ఉన్నది. చెప్పాలె గద అని చెప్తున్న."

అంతే. ఆ రోజంతా ఎప్పుడు ఫోను తెరిచి చూసినా ఆయన పేరు కింద ఆన్‌లైన్ అని కనిపిస్తూనే ఉంది. వదిన ఆ ఫోనులోంచే అందరికీ చెప్పుకుంటోందని నాకు తెలుసు. తెలిసినా నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకు భయమో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంత పాడు పనో మీకు తెలియదు.

నేను మెకానిక్‌ని కాను. కాకినాడ వైపు వాణ్ణి. మా ఆవిడ ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆమె వెనకే వచ్చి, రెండు మూడు కొలువులు మారి, చివరికి ఈ షెడ్డులో కౌంటర్ దగ్గర కుదురుకున్నాను. ఇసుకలో తిరగడానికి నాలుగు చక్రాల క్వాడ్ బళ్లు అద్దెకిస్తాం. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు తీసుకోవడం, కాగితం మీద సంతకం పెట్టించడం, హెల్మెట్టు ఇవ్వడం, బ్రేకు ఇది, యాక్సిలరేటరు ఇది అని చూపించడం నా పని. బళ్ల మంచీ చెడూ అంతా అన్న పని. కౌంటర్‌కీ వర్క్‌షాపుకీ మధ్య ఒక ప్లైవుడ్ గోడ. దానికి అటు ఆయన, ఇటు నేను, నాలుగేళ్లు.

అన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఒమన్ వచ్చింది మెకానిక్‌గా కాదు. మొదటి పదకొండేళ్లు కొండల్లో రోడ్లు వేసే కంపెనీలో రాయి పగలగొట్టే బ్రేకర్ మెషీను పట్టుకున్నాడు. తర్వాత ఖబూరాలో చిన్న వర్క్‌షాపులో చేరి, తోటల్లో నీళ్ల మోటార్లు, జాలర్ల పడవ ఇంజన్లు బాగుచేస్తూ ఈ పని నేర్చుకున్నాడు. నలభై దాటాక వచ్చిన విద్య కావడం వల్లనేమో, చేసిన ప్రతి పనినీ రెండడుగులు వెనక్కి వెళ్లి మురిసిపోతూ చూసుకునేవాడు. మేము త్వరగా కానియ్యమని తొందర పెడితే, "తొందరున్నోడు నడ్శి పోవాలె తమ్మీ, వానికి బండెందుకు?" అనేవాడు.

ఆయన చాయ్ తాగడం చూసి తీరాలి. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఆవిరి పోయి, పైన మీగడ కట్టేదాకా కూర్చునేవాడు. చల్లారిపోయాక ఒక్క గుక్కలో మింగేసేవాడు. "అన్నా, నువ్వు చాయ్ తాగడానికి కొనవు, పట్టుకోవడానికి కొంటావు" అని ఏడిపించేవాణ్ణి. "నీకేం తెల్సు, గీ చాయ్ చేతుల తోటే తాగాలె" అని నవ్వేవాడు. నేను దాన్ని హాస్యం అనుకున్నాను.

ఒక ఏడాది మా అర్బాబ్, అంటే షెడ్డు యజమాని, ఒక చలి దేశం నుంచి కంటెయినర్ నిండా వాడిన బళ్లు కొన్నాడు. చూసి కొనలేదు, ఫొటోలు చూసి కొన్నాడు. కంటెయినర్ తెరిస్తే క్వాడ్ బళ్లన్నింటి వెనక, మూలన, చక్రాలే లేని బండి ఒకటి. ముందు రెండు చెక్క పలకల్లాంటివి, వెనక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా. మా పాకిస్తానీ డ్రైవరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇస్‌కా టైర్ కిధర్ హై?" అని అడిగాడు. అది మంచు మీద నడిచే బండి అని ఫోనులో వెతికి నేనే చూపించాను. అర్బాబ్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, సరే, దాన్ని షెడ్డు ముందు పెట్టండి, వచ్చినవాళ్లు ఫొటోలు దిగుతారు అన్నాడు. నలభై అయిదు డిగ్రీల ఎండలో మంచుబండి! అన్న మాత్రం నవ్వలేదు. దాని హ్యాండిల్ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు. అది ఒక పక్కకు వంగిపోయి ఉంది.

ఆ బళ్లన్నింటికీ ఒక జబ్బు ఉంది. చలి దేశపు సరుకు కదా, చేతులు కొంకర్లు పోకుండా గ్రిప్పుల లోపల తీగ చుట్టి ఉంటుంది. స్విచ్ వేస్తే రబ్బరు వేడెక్కుతుంది. ఇక్కడి జనానికి ఆ సంగతి తెలియదు, ఏదో లైటు అనుకుని స్విచ్ నొక్కేవాళ్లు. ఒకాయన బండి అంటుకుందని కేకలు పెట్టి సగం దిబ్బ మీద వదిలేసి నడిచి వచ్చేశాడు. అన్నీ పీకెయ్యమన్నాడు అర్బాబ్. ఆ చలికాలమంతా అన్నకు అదే పని, వంగిన హ్యాండిళ్లు మార్చడం, వేడి గ్రిప్పులు తీసి మామూలువి వెయ్యడం.

మిగతా మెకానిక్‌లు గ్రిప్పును బ్లేడుతో కోసి పారేస్తారు. అన్న కొయ్యడు. రబ్బరు అంచు కింద సబ్బునీళ్లు పోసి, గాలి గొట్టం మొన దూర్చి కొంచెం గాలి కొడితే గ్రిప్పు ఉబ్బి, జారి, ముక్క చెదరకుండా చేతిలోకి వచ్చేది. ఏ తీగ ఎటు నుంచి వచ్చిందో గుర్తుకు ఒక్కో తీగకు ఒక్కో రంగు దారం కట్టేవాడు. ఒకసారి దారాలు అయిపోతే, దార్సైట్ గుడిలో పూజారి కట్టిన ఎర్రదారం ముంజేతి నుంచి విప్పి బ్రేకు తీగకు కట్టాడు. "దేవుడు ఏమనుకోడా అన్నా?" అంటే, "బ్రేకు పడకుంటె అప్పుడనుకుంటడు" అన్నాడు.

మంచుబండికి వంగిన హ్యాండిల్ తీసేసి క్వాడ్ బండిది ఒకటి బిగించి ముందు పెట్టాడు. తీసిన హ్యాండిల్‌ను మాత్రం గ్రిప్పులతో సహా వర్క్‌షాపు లోపలి గోడకు, ఛాతీ ఎత్తున, మేకులు కొట్టి నిలబెట్టాడు. పాత బ్యాటరీ ఒకటి కింద పెట్టి దాని తీగలు కలిపాడు.

"ఇదేంటన్నా, గోడను నడుపుతావా?" అన్నాను.

"ఔ. ఇంటికి పోత" అన్నాడు.

అది నాలుగు రోజుల ముచ్చట అనుకుని మరిచిపోయాను. డిసెంబరులో ఒక పొద్దున తాళాల కోసం లోపలికి వెళ్లాను. అన్న గోడకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ రెండు గ్రిప్పులూ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని. నేను వచ్చింది తెలియలేదు. పిలవబోయి ఆయన వేళ్లు చూసి ఆగిపోయాను. నడిమి కణుపుల దాకా సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ఒంటి రంగుకీ ఆ వేళ్లకీ సంబంధం లేదు, వేరే ఎవరి వేళ్లో తెచ్చి అతికించినట్టు. నేను స్వెట్టరు కూడా వేసుకోనంత మామూలు చలి అది. ఆయన గోడను పట్టుకుని నిలబడిన ఆ నిలబడడం ఇవాళ్టికీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

సంగతేంటో కనిపెట్టింది మా ఆవిడ. ఒక శుక్రవారం డ్యూటీ దిగి నాకు అన్నం తెచ్చింది. కౌంటర్‌లో ఏసీ కింద కూర్చుని ముగ్గురం తింటున్నాం. అన్న ముద్ద కలుపుతుంటే ఆమె ఆయన చేతుల వంకే చూస్తోంది.

"అన్నయ్యగారూ, మీరెప్పుడైనా డ్రిల్లింగు మెషీన్లాంటిది పట్టుకుని పనిచేశారా?" అంది.

అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. దొంగతనం బయటపడినవాడిలా మొహం పెట్టాడు. ఏళ్ల తరబడి మెషీను అదురుకు వేళ్లలో నరాలు, రక్తపు దారులు చచ్చుబడిపోతాయని, చల్లదనం తగిలితే వేళ్లు తెల్లబడతాయని, ఒకసారి పోయిన స్పర్శ తిరిగి రాదని ఆమె మెల్లగా చెప్పింది. ఆయన అంతా విని, ఎంగిలి చేత్తోనే దండం పెట్టాడు.

"చెల్లే, నీకు దండం పెడత, ఎవలకు చెప్పకు. చేతులు పన్జెయ్యవని తెలిస్తే రేపే వీసా క్యాన్సిల్ కొట్టి పంపుతరు. చిన్నబిడ్డ సదువు ఇంక రెండేండ్లున్నది."

ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కానీ ఆమె ఇంటికి వెళ్లిపోయాక అన్న నన్ను లోపలికి పిలిచి అసలు బాధ చెప్పాడు. చలి కాదట ఆయన భయం. బోల్టు ఎంత బిగిసిందో ఆయన వేళ్లకు తెలియడం లేదు. "ఎక్కువ బిగిస్తే మరలు పోతయ్, హ్యాండిలును పట్టుకునే క్లాంపు పలుగుతది. తక్కువైతే మనిషి పోతడు. కన్ను సూస్తది గని, బిగి కన్నుకు కనవడదు గద తమ్మీ." ఎంత బిగించాలో కొలత చూపే పానా ఒకటి కొనమని అర్బాబ్‌ను రెండుసార్లు అడిగాడు. ఇన్షా అల్లా అన్నాడు అర్బాబ్, మరిచిపోయాడు. మూడోసారి అడిగితే ఎందుకని అడుగుతాడని అన్న ఊరుకున్నాడు.

అప్పటి నుంచి ఆయనకు నేను వేళ్లయ్యాను. హ్యాండిల్ మార్చిన ప్రతి బండినీ నేను చూడాలి. ముందు చక్రాల మధ్య నిలబడి, రెండు కొసలూ పట్టుకుని, కిందికి నొక్కిపట్టి, పైకి లాగి, పక్కలకు మెలితిప్పాలి. ఆ సేపంతా అన్న బండిని చూసేవాడు కాదు, నా మొహం చూసేవాడు. "కదిలిందన్నా" అంటే మళ్లీ పానా తీసేవాడు. "కదల్లేదన్నా" అంటే అప్పుడు రంగు పెన్ను తీసి బోల్టు తల మీద నుంచి క్లాంపు మీదికి ఒక తెల్ల గీత గీసేవాడు. చూశాం, సరిగా ఉంది అని దానర్థం. నా నోటి నుంచి ఆ మాట రాకుండా ఒక్క గీత కూడా గీయలేదు. "నాది పానా, నీది చెయ్యి" అనేవాడు. నాకు గర్వంగా ఉండేది. కాగితాల మీద సంతకాలు పెట్టించుకునే పనివాణ్ణి, నా మాట మీద బళ్లు దిబ్బలెక్కుతున్నాయని లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఇక ఆ రోజు సంగతి. గురువారం సాయంత్రం, ఫిబ్రవరి. ఇక్కడ శుక్రవారం సెలవు కదా, మాకు జాతర రోజు అది. మధ్యాహ్నం ఒక బండి పల్టీ కొట్టి హ్యాండిల్ వంగింది. అన్న దాన్ని మార్చి, బండిని నెట్టుకొచ్చి కౌంటర్ ముందు వరసలో పెట్టాడు. "సూశి చెప్పు తమ్మీ" అని, ఇంకో బండి పని ఉందని లోపలికి పోయాడు. నా కుర్చీకీ ఆ బండికీ పది అడుగులు ఉంటుంది. నేను ఒక కస్టమర్‌తో కార్డు విషయంలో వాదులాడుతున్నాను. అతను ఫొటో కాపీ ఇస్తానంటాడు, నేను అసలు కార్డే కావాలంటాను. చూడండి, ఎంత పెద్ద విషయమో! కాసేపటికి ప్లైవుడ్ వెనక నుంచి అన్న పిలిచాడు.

"తమ్మీ, సూశినవా?"

"చూశానన్నా. కదల్లేదు" అన్నాను, కుర్చీలోంచి లేవకుండానే.

తర్వాత లేచి చూద్దాంలే అనుకున్నానా? ఏమో. ఎన్నో బళ్లు చూశాను, పదింట తొమ్మిది గట్టిగానే ఉంటాయి, ఇదీ ఉంటుందిలే అనుకుని ఉంటాను. అన్న పెన్ను పట్టుకుని బయటికి వచ్చాడు. బండి ముందు వంగి గీత గీశాడు. నా వంక చూసి తల ఊపి మళ్లీ లోపలికి వెళ్లాడు. ఆయన వచ్చి, గీసి, వెళ్లేదాకా నాకు బోలెడంత టైముంది. ఆగు అన్నా అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు ఆ కస్టమర్‌తో వాదనలో పడిపోయింది.

ఆ బండి దార్సైట్‌లో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగికి వెళ్లింది. భార్యతో, స్నేహితులతో వచ్చాడు. ఇరవై నిమిషాలకు దిబ్బ మీద నుంచి కేకలు వినిపించాయి. ముందు పరిగెత్తింది నేనే. బండి రెండు పల్టీలు కొట్టి అవతల పడి ఉంది. ఆయన ఇసుకలో వెల్లకిలా, ఎడమ భుజం ఉండాల్సిన చోట లేదు. తల నా తొడ మీద పెట్టుకున్నాను. "హ్యాండిల్ నా మీదికి తిరిగింది" అన్నాడు. "పట్టుకుంటే తిరిగిపోయింది." ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. తర్వాత ఆసుపత్రిలో ఆయనకేమీ గుర్తు లేదట, తనే అదుపు తప్పానని చెప్పాడు. గూడ ఎముక, మణికట్టు విరిగాయి. కోలుకున్నాడు, దేవుడి దయ. కేసు పెట్టలేదు.

పడిన బండికి క్లాంపు విరిగిపోయి ఉంది. వదులై జారిందో, పడినప్పుడు విరిగిందో చూసి ఎవరూ చెప్పలేరు. నేను చెప్పగలను, చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అర్బాబ్ వచ్చాడు. మమ్మల్నిద్దరినీ ఆ బండి ముందు నిలబెట్టి, చెక్ చేసిందెవరని అడిగాడు. "చెక్ కిస్‌నే కియా?"

పోలీసులు, వీసా, మా ఆవిడ ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నేను ఇసుక వంక చూస్తున్నాను. పక్క నుంచి అన్న గొంతు వినిపించింది.

"మైనే కియా అర్బాబ్. సబ్ మైనే కియా."

చేతికున్న గ్లౌజులు ఊడదీసి, రెండు చేతులూ చాచాడు. పొద్దుటి చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "దేఖో. ఇస్‌మే జాన్ నహీ హై" అన్నాడు, వీటిలో ప్రాణం లేదని. అర్బాబ్ ఒక వేలు ముట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్ని ఏళ్లు కడుపులో దాచుకున్న సంగతి అలా చేతులు చాచి చూపించేశాడు. నన్ను కాపాడడానికే చూపించాడని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకున్నాను. అర్బాబ్ చెడ్డవాడు కాదు. చాలాసేపు బండి మీద కూర్చుని తల పట్టుకున్నాడు. కానీ స్పర్శ లేని చేతుల్ని మెకానిక్‌గా ఎవరు ఉంచుకుంటారు? పదిహేను రోజుల్లో అన్న కాగితాలు అయిపోయాయి.

వెళ్లే ముందు రోజు సాయంత్రం ఆయన రూమ్‌కి వెళ్లాను. అట్టపెట్టెకు తాడు కడుతున్నాడు. "తమ్మీ, గీ కొస పట్టు" అన్నాడు. పట్టుకున్నాను. ఆయన వేళ్లకు ముడి బిగి తెలియడం లేదు, నేనే బిగించాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కునే వెళ్లాను. మంచం మీద ఆయన పక్కన కూర్చుని మిగిలిన తాడు చుట్ట చుడుతున్నాను.

"ఏమన్న చెప్పేదున్నదా తమ్మీ?" అని తనే అడిగాడు. కోపంగా కాదు, మామూలుగా.

"ఏం లేదన్నా. జాగ్రత్తగా వెళ్లు" అన్నాను.

"మంచిది" అని పెట్టెను గోడ వారకు జరిపాడు.

ఈ రెండేళ్లూ నన్ను నేను ఒకే మాటతో నిద్రపుచ్చుకున్నాను. అన్నకు తెలుసు, తెలిసే నన్ను వదిలేశాడు, క్షమించేశాడు అని. ఫోను తీసి ఆయన పేరు మీద ఏదో టైపు చేసి చెరిపేసిన రోజులు లెక్కలేదు. ఆయనకు తెలిసిందే కదా, మళ్లీ చెప్పి గాయం రేపడమెందుకని సర్దిచెప్పుకునేవాణ్ణి. పిరికివాడికి సాకులకేం కొదవ.

కొత్త మెకానిక్ వచ్చాడు, మంచి పనివాడు. కొలత చూపే పానా కూడా వచ్చింది. నాతో అవసరం లేదు. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, ప్లైవుడ్ వెనక నుంచి "సూశినవా?" అని వినిపిస్తుంది. కుర్చీ మార్చి స్టూలు తెచ్చుకున్నాను, స్టూలు మీదా వినిపించింది. మొన్న చలికాలం ఒక పొద్దున లోపలికి వెళ్లి, గోడకున్న ఆ హ్యాండిల్‌ను ఎందుకో పట్టుకున్నాను. గ్రిప్పులు వెచ్చగా ఉన్నాయి, అప్పుడే ఎవరో వదిలి వెళ్లినట్టు. కొత్తాయన స్విచ్ వేశాడేమో. అడగాలంటే ధైర్యం చాలలేదు.

కబురు వచ్చిన రోజు సాయంత్రం మా ఆవిడకు మొదటిసారి అంతా చెప్పాను. "తప్పు అన్నయ్యగారి చేతులదని అందరం అనుకున్నాం కదండీ" అంది. ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "ముందు ఆ ఇంట్లో చెప్పండి" అంది.

ఆయన నంబరు నొక్కాను. వదిన ఎత్తింది. ఎలా జరిగిందని అడిగాను. రాళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారట, ఆరు నెలలు మంచంలోనే ఉన్నాడట. ఆమె గొంతు అలిసిపోయి ఉంది కానీ ఏడవడం లేదు. నేను చెప్పబోతున్నంతలో ఆమే అంది.

"నీ ముచ్చట మస్తు చెప్తుండె తమ్మీ. తమ్మి చెయ్యి మంచి చెయ్యి, తమ్మి లేకుంటె నేను ఎన్నడో ఇంటికొత్తును అంటుండె. గా మనిషి పడ్డడు గద, గది ఒక్కటే మనసుల పెట్టుకున్నడు. 'తమ్మి సూశినంక గూడ పడ్డదంటె నేనే ఎక్కువ బిగించి ఉంట, క్లాంపు లోపల పలిగి ఉంటది, తమ్మికి ఎట్ల తెలుస్తది పాపం' అని ఒక్కతీర్గ అనుడు."

నేను ఫోను పట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఆయనకు తెలియదు. నన్ను కాపాడలేదు, క్షమించలేదు, నన్ను నమ్మాడు. నేను చూశానన్న మాటను పట్టుకుని, ఇంకే దారీ లేక, తప్పును తన వేళ్ల మీదికి తెచ్చుకున్నాడు.

"ఇంటికొచ్చేటాల్లకు మనవరాలు మూణ్ణెల్ల పిల్ల తమ్మీ" అంటోంది వదిన. "ఒక్కసారి ఎత్తుకోలె. పిల్ల చేతులు సాపుకుంట పోతె, వద్దు వద్దు, నా చేతులు మనిషిని పడగొట్టినయి అని ఎనుకకు జరుగుడు. మంచంల పండుకోవెట్టి పక్కకు కూసుండి సూసెటోడు. గంతే. రెండేండ్లు గట్లనే."

"వదినా" అన్నాను. "ఆ రోజు నేను చూడలేదు."

అంతా చెప్పాను. ఆయన పిలిచింది, నేను కుర్చీలోంచి లేవనిది, కదల్లేదని అబద్ధం చెప్పింది, పడినాయన నా ఒళ్లో తల పెట్టుకుని అన్న మాట. అన్న ఎక్కువ బిగించలేదని, క్లాంపు పగల్లేదని, తక్కువైన బిగిని చూసి చెప్పాల్సింది నేనేనని. ఆయన చేతుల తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాను. క్షమించమని మాత్రం అడగలేదు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆయనకు చెప్పే మాట నాకు చెప్తె, నేనేం జెయ్యాలె తమ్మీ?"

ఫోను ఆమె పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. అవతల ఒక పసిపిల్ల ఆమె కొంగు పట్టి లాగుతున్నట్టుంది. "ఎత్తుకో, ఎత్తుకో" అంటోంది.